పాట మొదలయ్యేలోపే బేరం తెగాలి

వేలంపాట అంటే ఏమిటో చివ్వెంల, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ జనానికి ఒకరు చెప్పక్కర్లేదు. ఏటా వినాయక చవితికి వాడవాడలా లడ్డూ పాట చూస్తాం. పంట చేతికొచ్చాక మార్కెట్ యార్డులో వడ్ల రాశికి ధర కట్టడమూ చూస్తాం. రెండూ వేలాలే గానీ రెంటికీ బుద్ధి వేరు. లడ్డూ పాటలో పైకి పోవడమే పరువు. బాలాపూర్ లడ్డూ 1994లో 450 రూపాయలకు పోయింది, 2024లో 30 లక్షలు దాటింది. ఆ డబ్బు ఊరి మంచికి పోతుంది, పాడినవాడికి పుణ్యమూ పేరూ దక్కుతాయి. అక్కడ ఎక్కువ పెట్టినా నష్టపోయినట్టు కాదు. వడ్ల వ్యాపారి సంగతి వేరు. రాశిలో మోచేతి దాకా చెయ్యి దింపి అడుగు గింజలు తీస్తాడు. కొరికి తేమ చూస్తాడు. తాలు ఎంతుందో అరచేతిలో ఊది చూస్తాడు. మిల్లులో పడితే ఎంత బియ్యం దిగుతుందో లెక్కేసుకుని గానీ నోరు తెరవడు.

పాత చెక్కపెట్టెలు, పొదుగుడు పని చేసిన సామాను, తాతలనాటి వింత వస్తువులు కొనాలని వేలానికి వెళ్ళేవాళ్ళు చాలామంది లడ్డూ పాట బుద్ధితో వెళ్తారు. ఎదుటివాడు చెయ్యి ఎత్తగానే వీళ్ళ చెయ్యీ లేస్తుంది. అక్కడే జేబు చిల్లు పడుతుంది. ఇలాంటి కొనుగోలులో తెలివంతా పాటకు ముందు రోజునే ఖర్చు కావాలి. హాల్లో కూర్చున్నాక మీరు చేయాల్సింది ముందే వేసుకున్న లెక్కను పాటించడం ఒక్కటే.

తెలుగువాళ్ళు చేసిన సామాను ప్రపంచ వేలాలకెక్కి రెండున్నర శతాబ్దాలు కావస్తోంది. ఇంగ్లీషు కంపెనీ విశాఖపట్నంలో 1682లో స్థావరం పెట్టింది. పద్దెనిమిదో శతాబ్దం నడిమికల్లా అక్కడి కంసాలులు టేకు, ఇరుగుడు చెక్కల్లో ఏనుగు దంతం పొదిగి, దంతం మీద వెంట్రుకంత గీతలు చెక్కి, ఆ గీతల్లో నల్లలక్క నింపి దొరలకు కుర్చీలు, బీరువాలు, రాతపెట్టెలు చేసేవారు. అంచుల వెంట పాకే పూలతీగలు కోరమండల్ అద్దకపు బట్టల మీది తీగల్లాంటివే. తర్వాతి కాలంలో శ్రీగంధపు చెక్క పెట్టెకు నిలువెల్లా పలుచని దంతపు రేకులు తాపడం చేసి, వాటి మీద ఇంగ్లండు భవనాల బొమ్మలు గీసేవారు. గేదెకొమ్మును చీల్చి, వేడితో సాపు చేసి చుట్టూ అంటించిన పెట్టెలు కూడా ఆ ఊరివే.

మద్రాసు గవర్నరుగా 1773 నుంచి 1775 దాకా ఉన్న అలెగ్జాండర్ వించ్ దగ్గర విశాఖ దంతపు కుర్చీల వరుస ఒకటి ఉండేది. ఆయన పోయాక 1781లో క్రిస్టీస్ సంస్థ ఆ సామానును వేలం వేస్తే, మూడో జార్జి రాజు షార్లెట్ రాణి కోసం వాటిని కొన్నాడు. రాణి పోయాక 1819లో అవి మళ్ళీ క్రిస్టీస్ వేలానికి వచ్చి, ఆమె కొడుకు చేతికే చేరాయి. ఇప్పటికీ బ్రిటిష్ రాజకుటుంబ సేకరణలో ఉన్నాయి. ఎవరి ఇంట్లో ఉండేవి, ఏ ఏట ఎవరు కొన్నారు అన్న గొలుసు తెగకుండా కాగితం మీద ఉంది. పాత వస్తువుకు విలువ తెచ్చేది సగం ఆ గొలుసే. కాబట్టి వేలంలో ఏ వస్తువు నచ్చినా మొదట అడగాల్సింది, 'ఇది ఎవరింటి నుంచి వచ్చింది, కాగితం ఏముంది' అని. 'పాత జమీందారుల ఇంటిది సార్' అన్న నోటిమాటకు రూపాయి కూడా ఎక్కువ కట్టొద్దు.

ఇక్కడ ఒక గట్టి హెచ్చరిక చెప్పాలి. ఆ విశాఖ దంతపు పెట్టె ఎంత ముచ్చటగా ఉన్నా, ఇండియాలో మీరు దాన్ని కొనకూడదు, ఇంకొకరికి అమ్మనూకూడదు. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో చేసిన సవరణ మన దేశపు దంతం వ్యాపారాన్ని ఆపేసింది. 1991 సవరణతో ఆఫ్రికా దంతానికి కూడా తలుపు మూసుకుంది. 'ఇది రెండొందల ఏళ్ళనాటిది కదా' అన్న మినహాయింపు మన చట్టంలో లేదు. తాబేటి చిప్ప పొదిగినవాటి జోలికీ పోవద్దు. మరి అమ్మమ్మ నుంచి దంతపు కుంకుమ భరిణె వచ్చినవాళ్ళ సంగతేమిటి? యాజమాన్య పత్రం ఉన్న వస్తువు వారసత్వంగా చేతులు మారవచ్చు. అందుకున్నవాళ్ళు 90 రోజుల్లోగా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు తెలియజేయాలి. పత్రమే లేకపోతే దాచిపెట్టి భయపడకుండా జిల్లా అటవీ అధికారి దగ్గరికి వెళ్ళి దారి అడగండి.

మన దగ్గర ఇంటికొకరు అమెరికాలోనో లండన్‌లోనో ఉన్నారు. అక్కడి వేలాల్లో విశాఖ పెట్టెలు తరచుగా వస్తుంటాయి. 'మన ఊళ్ళో చేసిందే కదా, కొని ఇంటికి పంపుతా' అని ఉత్సాహపడతారు. బ్రిటన్‌లో 2018 నాటి దంతం చట్టం 2022 జూన్‌లో అమల్లోకి వచ్చాక అక్కడ కూడా కొన్ని మినహాయింపులు తప్ప దంతం అమ్మడం కుదరదు. 1947కు ముందు చేసి, దంతం పదో వంతు కంటే తక్కువున్నవి ఆ మినహాయింపుల్లో ఒకటి. అక్కడ సక్రమంగా కొన్నది కూడా ఇక్కడికి తెస్తే విమానాశ్రయంలోనే చిక్కు. వాళ్ళకు ఈ ముక్క ఫోన్లో ముందే చెప్పండి.

మరి మనం కొనదగ్గవి ఏమిటి? నా సలహా, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు కళ్ళెదుట ఉన్నవాటితో మొదలుపెట్టాలి. ఇత్తడి పట్టీలు కొట్టిన టేకు సందుగలు, కిరాణా కొట్టు గల్లాపెట్టెలు, వామనగుంటల పీటలు, అద్దం బిగించిన సింగారపు పెట్టెలు, తమలపాకుల పెట్టెలు, సోల, తవ్వ, మానిక కొలపాత్రలు, ఊరి కమ్మరి చేసిన తాళంకప్పలు. పొదుగుడు పనే ముఖ్యమనుకుంటే రంగురంగుల చెక్కముక్కలు ఇరుగుడులో పొదిగే మైసూరు పని ఉంది, ఎముక పొదిగిన రాజస్థాన్ సామాను ఉంది. చెక్క కాకపోయినా బీదర్‌లో పుట్టి హైదరాబాద్ రాజ్యంలో పెరిగిన బిద్రి ఉంది, నల్లని లోహంలో వెండి తీగ. అన్నీ కొనాలనుకునేవాడికి ఏదీ తెలియదు. శాంతినికేతన్‌లో చదువుకుని 1951లో హైదరాబాద్ వచ్చి స్థిరపడ్డ జగదీశ్ మిత్తల్, ఆయన భార్య కమల, ఇద్దరూ చిత్రకారులే. సంస్థానాధీశులు కారు. కంటిని పదును పెట్టుకుని కొన్నందువల్లే వాళ్ళ సేకరణ 1976లో ఏకంగా మ్యూజియం అయింది. మీరూ ఒక్క రకం ఎంచుకోండి. రెండేళ్ళ పాటు పెట్టెలు మాత్రమే, లేదా తాళాలు మాత్రమే. చివ్వెంల నుంచి 65వ నంబరు జాతీయ రహదారి మీద బస్సెక్కితే పూటలో సాలార్‌జంగ్ మ్యూజియం చేరతారు. మేలిముసుగు రెబెక్కా శిల్పం ముందు జనం గుమిగూడి ఉంటారు. మీరు మాత్రం చెక్కసామాను, బిద్రి ఉన్న గదుల్లో నింపాదిగా నిలబడండి. అసలైనది ఎలా ఉంటుందో కంటికి అలవాటైతే నకిలీ దానంతట అదే పట్టుబడుతుంది.

వేలాలు ఎక్కడ జరుగుతాయంటే, మనకు దగ్గర్లో పేరున్న వేలం హాలు ఉండాలని ఏమీ లేదు. సర్కారు ఆఫీసుల్లో పనికిరావని పక్కనపెట్టిన బల్లలు, బీరువాలకు అప్పుడప్పుడు వేలం నోటీసు అతికిస్తారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ ఇలాంటివి ఆన్‌లైన్‌లో వేలం వేస్తుంది. వాటిలో నిజాం కాలపు టేకు బల్ల తుక్కు ధరకు దొరికే అవకాశం ఉంది. కోల్‌కతా రసెల్ వీధిలోని రసెల్ ఎక్స్‌ఛేంజ్ 1940 నుంచీ పాత ఇళ్ళ సామాను వేలం వేస్తోంది. ముంబయి సంస్థలు కేటలాగు వేసి ఆన్‌లైన్‌లో పాడిస్తాయి. వేలం కాకపోయినా, పాత సామాను అమ్మే హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్‌లో తిరిగితే ధరల మీద పట్టు దొరుకుతుంది.

ఇక వస్తువు చూడటం దగ్గరికి వద్దాం. అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. పాటకు ముందు రోజో, ఆ పొద్దునో సామాను చూడనిస్తారు. ఒక టార్చి, పది రెట్లు పెంచి చూపే భూతద్దం, టేపు, ఫోను పట్టుకెళ్ళండి. వీలైతే మీ ఊరి వడ్రంగిని కూడా. ఆయనకు చరిత్ర తెలియకపోవచ్చు, చెక్క తెలుసు. మీరు పొదుగుడు పూలు చూసి మురుస్తుంటే ఆయన పెట్టె తిరగేసి, 'గీ మేకు మొన్నటిది సారూ' అంటాడు. ఆ ఒక్క మాట మీకు వేల రూపాయలు మిగులుస్తుంది.

పెట్టెను ముందు నుంచి చూడటం అందరూ చేసేదే. మీరు అడుగు నుంచి మొదలుపెట్టండి. చేసినవాడు ఎవరికీ కనపడని చోట పాలిష్ పెట్టడు. అందుకే పాత పెట్టె అడుగు ఎండిపోయి, దుమ్ము పట్టి, ఒక్కో చోట ఒక్కో రంగుగా ఉంటుంది. అడుగు, లోపల, వెనక, అంతటా ఒకే గోధుమరంగు పూసి ఉంటే పాతదనాన్ని బ్రష్షుతో తెచ్చారన్నమాట. అడుగు చెక్క మీద రంపపు గాట్లు చూడండి. చేతి రంపం గాట్లు తిన్నగా, హెచ్చుతగ్గులుగా ఉంటాయి. యంత్రపు గుండ్రంపం విల్లులా వంగిన గాట్లు మిగులుస్తుంది. మడతబందుల స్క్రూలు ఒకటి విప్పనిస్తారేమో అడగండి. చేత్తో చేసిన పాత స్క్రూకు తల మీది గాడి సరిగ్గా మధ్యన ఉండదు, కొన మొద్దుగా ఉంటుంది. తల మీద ప్లస్ గుర్తున్న స్క్రూలు 1930ల తర్వాతి సరుకు. ఒకటీ అరా స్క్రూ మారితే పరవాలేదు, మరమ్మతు అనుకోవచ్చు. కానీ అన్నీ కొత్తవై, వాటి కింద పాత రంధ్రాల ఆనవాలే లేకపోతే పెట్టే కొత్తది.

చెక్క బతికున్నంత కాలం కదులుతూనే ఉంటుంది. అడ్డంగా కుంచించుకుపోతుంది, నిలువుగా పోదు. గుండ్రని పీటకు టేపు రెండు వైపులా పెట్టి కొలవండి. నిజంగా పాతదైతే ఒకవైపు ఓ పిసరు తక్కువ వస్తుంది. పొదుగుడు మీద వేలి కొన మెల్లగా జరపండి. నూరేళ్ళ ఎండావానల్లో చుట్టూ ఉన్న చెక్క తగ్గి పొదిగిన ముక్క అంచు కాస్త పైకి తగులుతుంది, లేదా అతుకు వెంట సన్నని చీలిక ఉంటుంది. అద్దంలా నున్నగా, ఎక్కడా బెసగకుండా ఉన్న పని నిన్నటిదని అనుమానించండి. ముక్క ఊడిపోయిన చోట లోపలి గుంట చూడండి. ఉలితో తవ్విన గుంట అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది, యంత్రంతో తొలిచిన గుంట అడుగు సమంగా ఉంటుంది.

తెల్లగా పొదిగింది ఏమిటో తేల్చుకోవడం మరీ ముఖ్యం, చట్టం దాని మీదే ఆధారపడి ఉంది. భూతద్దంలో చిన్నచిన్న నల్లచుక్కలు, గుంటలు కనిపిస్తే ఎముక. జంతువు బతికుండగా రక్తం పారిన సన్నని దారులవి. దంతానికి ఆ చుక్కలు ఉండవు. అడ్డంగా కోసిన ముఖం మీద ఒకదాన్నొకటి ఖండించుకునే వంపు గీతలు కనిపిస్తాయి. ఏ గీతా లేకుండా పాలమీగడలా ఒకేలా ఉన్నా, గీతలు మరీ ఒద్దికగా సమాంతరంగా ఉన్నా ప్లాస్టిక్ కావచ్చు. సూది కాల్చి గుచ్చి వాసన చూడమని చెప్పేవాళ్ళు ఉంటారు. అది వస్తువును పాడుచేసే పని, పైగా ఇంకా మీ సొంతం కాని వస్తువు. ఎముకో దంతమో తేలకపోతే ఆ లాట్ (వేలానికి పెట్టిన ఆ వస్తువు) వదిలేయండి.

పుచ్చు రంధ్రాలు చూసి పాతదని సంబరపడొద్దు. రంధ్రాల కింద పొడి కొత్తగా రాలుతుంటే పురుగు ఇంకా లోపలే ఉంది. పురుగు తొలిచిన కాలువలు పై ముఖం మీదే పొడవునా తెరుచుకుని కనిపిస్తే, పాత దూలాన్నో తలుపునో చిత్రిక పట్టి ఈ పెట్టె చేశారన్నమాట. చెక్క పాతదే, పెట్టె కాదు. చివరగా అరుగుదల. చేతులు తగిలే చోట అరగాలి. మూత ఎత్తే అంచు, తాళంచెవి రంధ్రం చుట్టూ, కిందపెట్టే నాలుగు మూలలు. ఎవరూ ముట్టుకోని చోట కూడా అరిగి ఉంటే గరుకు కాగితం పని.

నచ్చింది, అసలైనదే అని తేలింది. ఇప్పుడు ధర. వేలంలో పలికే ధర వేరు, మీరు కట్టే ధర వేరు. సుత్తి 20,000 దగ్గర పడిందనుకోండి. వేలం సంస్థ తన ప్రీమియం 20 శాతం వేస్తే ఇంకో 4,000. పెట్టెను దెబ్బ తగలకుండా ప్యాక్ చేసి సూర్యాపేట దాకా తేవడానికి 3,000, తాళం, బందులు బాగుచేయించడానికి 1,500 అనుకుంటే పన్ను కాకుండానే 28,500 అయింది. కాబట్టి లెక్క తిరగేసి వేయండి. ఇంటికి చేరేసరికి ఆ పెట్టె మీకు మొత్తం 20,000 దాటకూడదంటే, పాటలో 12,000 దగ్గర ఆగాలి. ప్రీమియం ఎంత, జీఎస్టీ దేని మీద ఎంత, డబ్బు ఎన్ని రోజుల్లో కట్టాలి, వస్తువు తీసుకెళ్ళడం ఆలస్యమైతే రోజుకు ఎంత అద్దె, ధరావతు ఎప్పుడు తిరిగిస్తారు, ఇవన్నీ నిబంధనల కాగితంలో ఉంటాయి. 'ఉన్నది ఉన్నట్టుగా' అమ్ముతున్నామన్న మాట కూడా అందులోనే ఉంటుంది. సుత్తి పడ్డాక కాలు విరిగిందన్నా ఎవరూ వినరు.

ఆ 12,000 అంకెను కేటలాగులో లాట్ నంబరు పక్కన పెన్నుతో రాయండి. వెంట వచ్చిన ఇంటావిడకో తమ్ముడికో చూపించండి. మనసు మీద నమ్మకం లేకపోతే గరిష్ఠ ధర రాసి ముందే సంస్థకు ఇచ్చేసి ఇంట్లో కూర్చోండి, చాలాచోట్ల ఆ సదుపాయం ఉంది. హాల్లోనే కూర్చుంటే గుర్తుంచుకోవాల్సింది ఇది: ఎదుటివాడు ఎందుకు పాడుతున్నాడో మీకు తెలియదు. అతనికి అలాంటి పెట్టె ఇంకొకటి ఉండి జత కోసం వెతుకుతున్నాడేమో. వస్తువు అతని తాతదేనేమో. అతని ధర అతనిది. 'ఇంకో అయిదొందలేగా' అన్న మాట ఒకసారి అంటే ఆగదు, వరసగా ఆరుసార్లు అనిపిస్తుంది. ఓడిపోయిన రోజున మీ దగ్గర డబ్బు మిగిలింది, చూపుకు పదును పెరిగింది. అలాంటి పెట్టె మళ్ళీ వస్తుంది.

కొనకూడనివి ఇంకా ఉన్నాయి. మన చివ్వెంల మండలం దురాజ్‌పల్లిలోనే రెండేళ్ళకోసారి పెద్దగట్టు లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. కేసారం నుంచి దేవరపెట్టె తరలివస్తే లక్షల మంది దండం పెడతారు. అదీ ఒక పెట్టే అయినా దానికి ధర లేదు, ఉండకూడదు. ఏ ఊళ్ళోనైనా గుడిది, కులానిది, జాతరది అయిన పెట్టె, పల్లకి, గంట, విగ్రహం అమ్మకానికి వస్తే, ఎవరో ఒకరు ఊరికి తెలియకుండా తెచ్చారని అనుకుని దూరం జరగండి. మన జిల్లా నేల కింద సంపద చాలా ఉంది. ఫణిగిరిలో 2024లో ఒకే కుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి. పొలం దున్నుతుంటే దొరికిందని ఎవరైనా నాణెమో బొమ్మో తెచ్చి ఇస్తే తీసుకోవద్దు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం దొరికినవాళ్ళు కలెక్టరుకు చెప్పాలి. నూరేళ్ళు దాటిన కళావస్తువులకు 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది. వాటిని విదేశాలకు పంపడానికి వీల్లేదు, చుట్టానికి కానుకగా కూడా. అమ్మేవాడికి లైసెన్సు ఉండాలి. చెక్కలో మలిచిన బొమ్మలు, ఫలకాల వంటివి పురావస్తు శాఖ రిజిస్టరింగ్ అధికారి దగ్గర నమోదై ఉండాలి, చేతులు మారినప్పుడు ఆ సంగతి ఆయనకు తెలియజేయాలి. రిజిస్ట్రేషన్ కాగితం చూడకుండా అలాంటివాటికి పాడొద్దు.

పెట్టె ఇంటికొచ్చాక తిన్నగా హాల్లో పెట్టకండి. పెద్ద ప్లాస్టిక్ కవరులో చుట్టి, అడుగున తెల్లకాగితం పరిచి, మిగతా చెక్కసామానుకు దూరంగా కొన్ని వారాలు ఉంచండి. కాగితం మీద పొడి రాలితే పురుగుంది, వైద్యం చేయించాలి. రాలకపోతే బయటికి తీయొచ్చు. నిగనిగలాడాలని వార్నిష్ కొట్టించొద్దు, గరుకు కాగితం అసలే వద్దు. తడిబట్టతో తుడిస్తే పొదుగుడు ముక్కల కింది బంక ఉబ్బి ఊడిపోతుంది. మెత్తని పొడిబట్ట, పొదుగుడు సందుల్లో మెత్తని బ్రష్షు చాలు. ఎండ పడే కిటికీ పక్కన గానీ ఏసీ గాలి నేరుగా తగిలే చోట గానీ ఉంచకండి. ఊడిన ముక్కలు చిన్న కవరులో వేసి పెట్టెలోనే ఉంచండి. అదే రోజు ఒక నోటుపుస్తకంలో ఆ పెట్టెకు ఒక పేజీ కేటాయించి పొడవు, వెడల్పు, ఎత్తు, ఏ చెక్క, ఎక్కడ ఏ మరమ్మతు కనిపించింది, ఏ వేలం, లాట్ నంబరు, కట్టిన మొత్తం, అమ్మినవాళ్ళు చెప్పిన ఇంటి వివరం రాసి, రసీదు అతికించండి. పెట్టె అడుగు ఫోటో కూడా తీయించి పెట్టండి. రేపు మీ పిల్లలు దాన్ని ఉంచుకున్నా, మ్యూజియానికి ఇచ్చినా, మళ్ళీ వేలానికి పెట్టినా మొదట అడిగేది ఆ పేజీనే.